విమానానికి తలంటు

అంట్లు తోమడం కూడా ఒక శాస్త్రమే అని ఎవరైనా అంటే మనం నవ్వుతాం. కానీ మా ఊళ్ళో ఏ ఇల్లాలినైనా అడిగి చూడండి. రాగి బిందెకు చింతపండు, ఇనప మూకుడుకు బూడిద, పింగాణీ జాడీకి సబ్బునీళ్ళు అని టక్కున చెబుతుంది. సత్తు గిన్నెను మాత్రం చాకలిసోడా వేసిన వేడినీళ్ళలో నానబెట్టనివ్వదు. "నల్లబడి చస్తుందిరా" అంటుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉందనీ, అది రాగి మీది ఆక్సైడును కరిగిస్తుందనీ మా అమ్మకు తెలియదు. సోడా క్షారమనీ, అల్యూమినియం క్షారంలో కరుగుతుందనీ అసలే తెలియదు. అయినా ఏ లోహానికి ఏది పడుతుందో ఏది పడదో ఆమెకు తెలిసినంత కచ్చితంగా, బి.ఎస్సీ. చదువుతున్న మాలో చాలామందికి తెలియదని నా అనుమానం.

ఈ వ్యాసం విమానాలను శుభ్రం చేసే మందుల గురించి. అంట్లతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. నేడు ఎగురుతున్న ప్రయాణీకుల విమానాల్లో చాలావాటి చర్మం సత్తు గిన్నె జాతిదే, అంటే అల్యూమినియం. గిన్నె పాడైతే పాతసామాన్లవాడికి వేసి రెండు రూపాయలు తెచ్చుకుంటాం. విమానం సంగతి అలా కాదు గదా.

మా పెద్దనాన్నగారి అబ్బాయి ఇంటర్ తరువాత చదువు మానేసి ఒక పెద్ద విమానాశ్రయంలో కాంట్రాక్టరు కింద పనికి కుదిరాడు. రాత్రి పదింటికి వెళ్ళి తెల్లవారుజామున వస్తాడు. పని విమానాలు కడగడం. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు నన్ను పట్టుకున్నాడు. "తమ్ముడూ, మందులో నీళ్ళెక్కువైతే మరక పోదు, మందెక్కువైతే రంగు పోతుందంటారు. మొన్న మావాడొకడు మరక వదలడం లేదని బాత్రూములు కడిగే యాసిడ్ సీసా పట్టుకొచ్చాడు. ఒక్క చుక్క కూడా వెయ్యలేదు. అయినా సూపర్‌వైజరు చూసి ఆ రాత్రే వాణ్ణి పని మాన్పించేశాడు. అంత కోపం దేనికి? నీ కెమిస్ట్రీ ఏమంటుంది?" అని అడిగాడు. అప్పటికప్పుడు నాలుగు ముక్కలు చెప్పాను గాని అవి నాకే చాల్లేదు. తరువాత గ్రంథాలయంలో కూర్చుని చదివి అతనికి చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

విమానాన్ని కడిగేది సోకు కోసం మాత్రమే కాదు. రెక్కల అంచుకు పురుగులు కొట్టుకుని ఎండిపోతాయి. ఇంజను వెనుక మసి పేరుకుంటుంది. చక్రాల గూటిలో గ్రీజు, దుమ్ము కలిసి ముద్దవుతాయి. సముద్రపు ఒడ్డున దిగి లేచే విమానానికి ఉప్పు అంటుకుంటుంది. ఈ మురికి స్పంజిలాగా తేమను పట్టి ఉంచుతుంది. తేమ, ఉప్పు, లోహం ఒకచోట చేరితే ఏమవుతుందో ఏడో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. ఇంకొకటి, పగులు వచ్చినా, నూనె కారుతున్నా శుభ్రంగా ఉన్న చర్మం మీదే కంటికి కనబడుతుంది. బురద కొట్టుకున్న గేదె కాలికి దెబ్బ తగిలిందో లేదో కడిగితేగాని తెలియదు కదా. కాబట్టి కడగక తప్పదు. చిక్కల్లా దేంతో కడగాలన్నదే.

అల్యూమినియం నిజానికి చాలా చురుకైన లోహం. గాలి తగిలిన క్షణంలోనే ఆక్సిజన్‌తో కలిసిపోతుంది. అయితే అలా ఏర్పడిన ఆక్సైడు పొర గట్టిగా అంటుకుని, లోపలి లోహానికి కవచంలా నిలబడుతుంది. ఆ కవచం మందం కొద్ది నానోమీటర్లే. ఒక నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు! ఇంత పల్చటి పొరను నమ్ముకునే అల్యూమినియం బతుకుతోంది. ఈ పొర ద్విస్వభావం కలది, ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది. పి.హెచ్. సుమారు 4 నుంచి 8.5 వరకు ఉన్న నీటిలో నిలుస్తుంది. అటు దాటినా ఇటు దాటినా కరగడం మొదలవుతుంది. చాకలిసోడా నీళ్ళ పి.హెచ్. 11 ప్రాంతంలో ఉంటుంది. బాత్రూము యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లమే గనుక దాని పి.హెచ్. 1 కంటే తక్కువ.

స్వచ్ఛమైన అల్యూమినియం మెత్తన. దాంతో రెక్క చేస్తే వంగిపోతుంది. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే లోహశాస్త్రజ్ఞుడు, కొద్దిగా రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని వేడిచేసి చల్లార్చి ఊరికే ఉంచితే కొద్ది రోజుల్లో దానంతట అదే గట్టిపడుతుందని కనిపెట్టాడు. అదే డ్యూరాల్యుమిన్. నేటికీ విమానాల్లో విరివిగా వాడే 2024 రకం మిశ్రమంలో నూటికి సుమారు నాలుగు పాళ్ళకు పైగా రాగి ఉంటుంది. బలాన్నిచ్చిన ఆ రాగే తుప్పుకు దారి కూడా ఇస్తుంది. రాగి ఎక్కువగా ఉన్న చిన్న చిన్న రేణువులు, చుట్టూ ఉన్న అల్యూమినియం, మధ్యన ఉప్పునీరు ఉంటే చాలు, ప్రతి రేణువు దగ్గరా ఒక బుల్లి బ్యాటరీ పనిచేస్తుంది. అందులో కరిగేది అల్యూమినియం. దీన్ని ఆపడానికే తయారీదారులు మిశ్రమపు రేకుకు పైన స్వచ్ఛమైన అల్యూమినియం పూత వేసి, దానిమీద ప్రైమరు, ఆపైన పాలీయురిథేన్ రంగు వేస్తారు. ఇనప పీచుతో రుద్దవద్దని రూలు పెట్టడం కూడా అందుకే. గీతలు పడటం ఒక్కటే కాదు, పీచు ముక్కలు విరిగి మెత్తటి అల్యూమినియంలో దిగబడిపోతాయి. అక్కడ తుప్పు మొదలవుతుంది.

ఇంతవరకు చదివినవారు, పి.హెచ్. 7 ఉన్న సబ్బునీళ్ళు వాడితే సరిపోతుంది కదా అనుకోవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాని నూనె, గ్రీజు వదలాలంటే చాలాచోట్ల కాస్త క్షారం కావాలి. అందుచేత విమానాల మందుల్లో కొన్ని క్షారగుణం కలవే. వాటిలో సిలికేటు వంటి నిరోధకాలు కలిపి, అల్యూమినియం మీద అవి ఒక పొరగా నిలిచి కాపాడేలా చేస్తారు. ఆ లెక్కంతా చెప్పిన పాళ్ళలో నీళ్ళు కలిపినప్పుడే కుదురుతుంది. ఇక్కడ మన రైతుల అలవాటు ఒకటి గుర్తుకొస్తుంది. లీటరుకు రెండు మిల్లీలీటర్ల మందు అని డబ్బా మీద రాసి ఉంటే, పురుగు గట్టిదని నాలుగు పోస్తాం. పురుగు రెండింతలు చావదు, ఆకు మాడుతుంది. సబ్బుదీ అదే కథ. సబ్బు అణువులు నీటిలో ఒక గాఢత వరకు ఉపరితలం మీదికి చేరి తలతన్యతను తగ్గిస్తాయి. ఆ గాఢత దాటాక కొత్తగా పోసిన అణువులు తమలో తాము గుంపుకట్టి మిసెల్స్ అవుతాయేగాని తలతన్యత ఇంక తగ్గదు. అంతకుమించి గుప్పెడు పోస్తే మురికి పెద్దగా ఎక్కువ వదలదు. క్షారం మాత్రం గుప్పెడు పెరుగుతుంది, కడగవలసిన నీళ్ళూ పెరుగుతాయి.

గాఢతతోపాటు చూడవలసింది కాలం. ఎండలో కాగిన రేకు మీద మందు చల్లితే, నీరు ఆవిరై, ఉన్న మందే నిమిషాల్లో చిక్కబడుతుంది. అందుకే నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు కడగమంటారు, మందును ఆరనివ్వవద్దంటారు. మా అన్నయ్యకు రాత్రి డ్యూటీ ఎందుకు వేస్తారో దీన్నిబట్టి కొంత అర్థమైంది. పగలంతా విమానం ఎగురుతూ ఉండాలన్నది మిగతా కారణం!

ఇక బాత్రూము యాసిడ్ సంగతి. విమానం చర్మం ఒకే రేకు కాదు. రేకు మీద రేకు ఎక్కించి వేల రివెట్లతో బిగిస్తారు. కనబడే చర్మం మీద పడ్డ ఆమ్లాన్ని వెంటనే నీళ్ళతో కడగవచ్చు. రేకుల సందులోకి దిగినదాన్ని ఎవరు కడుగుతారు? పైగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదిలిపోయే క్లోరైడు, అల్యూమినియానికి గుంటలు పొడిచే శత్రువు. అది అక్కడే కూర్చుని, తేమ తగిలినప్పుడల్లా పనిచేస్తుంది. చర్మం మందం చాలాచోట్ల మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఆ సూపర్‌వైజరు కోపం నాకు న్యాయంగానే తోచింది. పని మాన్పించడం మాత్రం ఎక్కువ. ఏ మందు ఎందుకు కూడదో ఆ కుర్రవాడికి అంతకుముందు ఎవరైనా చెప్పారా అన్నది నా ప్రశ్న.

అయితే ఏది పనికొస్తుందో తేల్చేది ఎలా? మా నిమ్మతోటకు బోర్డో మిశ్రమం కొడతాం. నూరు లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. దాన్ని ఇనప డ్రమ్ములో కలపకూడదు. మైలుతుత్తంలోని రాగి ఇనుము మీదికెక్కి, ఇనుము ద్రావణంలోకి దిగిపోతుంది. కలిపాక మా నాన్న తుడిచిన కొడవలి మొనను అందులో ముంచి కాసేపుంచి తీస్తాడు. మొన మీద ఎర్రటి రాగి పూత కనబడితే సున్నం చాల్లేదన్నమాట, ఇంకొంచెం వేస్తాడు. పూత పట్టకపోతేనే చెట్టుకు కొడతాడు. మందును దాని పేరుబట్టి కాకుండా, లోహం ముక్కను ముంచి చూసి నమ్ముతున్నాడు.

అమెరికాకు చెందిన ఎ.ఎస్.టి.ఎమ్. అనే ప్రమాణాల సంస్థ విమానాల మందులకు నిర్ణయించిన పరీక్షలు చదివినప్పుడు నాకు ఆ కొడవలే గుర్తుకొచ్చింది. ఎఫ్ 483 అనే పరీక్షలో తూకం వేసిన లోహపు బిళ్ళను మందులో ముంచి ఉంచి, తీసి మళ్ళీ తూస్తారు. ఎంత బరువు తగ్గిందో అంత తిన్నట్టు. ఎఫ్ 1110లో రెండు రేకుల మధ్య మందులో తడిపిన వడపోత కాగితం పెట్టి, వేడి తేమలో వారం రోజులుంచుతారు. రేకుల సందులో ఇరుక్కుపోయిన మందు ఏం చేస్తుందో చూడటానికి అదొక నమూనా. ఎఫ్ 502 రంగు మెత్తబడుతుందేమో చూస్తుంది. బోయింగ్ కంపెనీ ఇలాంటి పరీక్షలన్నీ కలిపి డి6-17487 అనే పత్రంగా పెట్టుకుంది. డబ్బా మీద ఆ అంకె కనబడితే దాని అర్థం ఇదే.

వీటిలో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరచింది ఎఫ్ 519. విమానం బరువంతా మోసే చక్రాల కాళ్ళు అతి గట్టి ఉక్కుతో చేస్తారు. ఉక్కు గట్టిపడే కొద్దీ దానికో బలహీనత వస్తుంది. ఆమ్లం తగిలినప్పుడు పుట్టే హైడ్రోజన్ పరమాణువులు లోపలికి చొరబడి, దాన్ని పెళుసుగా మారుస్తాయి. పైకి తుప్పు ఉండదు, గీత ఉండదు. భారం మీద ఉండగా ఉన్నట్టుండి పుటుక్కున విరుగుతుంది, అదీ గంటలో రోజుల్లో గడిచాక. అందుకని గంటు పెట్టిన ఉక్కు కడ్డీకి, అది విరిగే భారంలో 45 శాతం వేసి, మందులో 150 గంటలు ఉంచుతారు. విరగకపోతే మందు గట్టెక్కినట్టు. అల్యూమినియం పరీక్షలో నెగ్గిన మందు ఇక్కడ ఓడిపోవచ్చు. కాళ్ళ పక్కనే ఉండే కార్బన్ బ్రేకులది ఇంకో బాధ. సోడియం, పొటాషియం లవణాలు వాటిలోకి ఇంకితే, బ్రేకులు ఎర్రగా కాగినప్పుడు కార్బన్ త్వరగా కాలిపోతుంది. మందు ఉక్కుకు మంచిదైనా బ్రేకులకు మూత వేయవలసిందే.

కిటికీల దగ్గరికొస్తే లెక్క మళ్ళీ మారుతుంది. ప్రయాణీకుడి పక్కనుండే కిటికీ గాజు కాదు, ఆక్రిలిక్ ప్లాస్టిక్. ఇక్కడ పి.హెచ్. చూసి లాభం లేదు. అసిటోన్‌కు పి.హెచ్. గొడవే లేదు, కాని ఆక్రిలిక్‌ను కరిగించేస్తుంది. పెట్రోలు, బెంజీన్, లాకర్ థిన్నరు, ఇంటి అద్దాలకు కొట్టే స్ప్రేలు, ఇవన్నీ ఆక్రిలిక్‌కు నిషిద్ధం. ఇవి ప్లాస్టిక్‌లోకి దిగి, అప్పటికే బిగువులో ఉన్న దాని గొలుసు అణువులను సడలిస్తాయి. అప్పుడు సన్నటి వెంట్రుకల వంటి పగుళ్ళు అల్లుకుంటాయి. అందుకే ఆ పరీక్ష కూడా, ఎఫ్ 484 అంటారు, ప్లాస్టిక్ పట్టీని భారంతో వంచి ఉంచే చేస్తారు. కిటికీకి సరైన పద్ధతి వినడానికి చాలా సాదాగా ఉంటుంది. ముందు నీళ్ళు పోసి దుమ్ము దింపాలి. తరువాత మెత్తటి సబ్బునీళ్ళు పోస్తూ ఒట్టి చేత్తో తడిమి ఇసుక రేణువులున్నాయేమో చూడాలి. ఆ తరువాతే మెత్తటి నూలుగుడ్డ. ఉంగరం ముందే తీసేయాలి. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, స్థిర విద్యుత్తు పుట్టి దుమ్మును ఇంకా లాగుతుంది.

కాబట్టి "ఇది సురక్షితమైన మందు" అన్న మాటకు ఒంటరిగా అర్థం లేదు. దేనిమీద, ఎంత గాఢతతో, ఎంతసేపు అని మూడు ప్రశ్నలు వెంటనే వెయ్యాలి. "పర్యావరణానికి మేలు" అని ఆకు బొమ్మ వేసిన డబ్బాలు బజార్లో చాలా ఉన్నాయి. ఆ మాట చెరువులో చేపలకు సంబంధించింది, డ్యూరాల్యుమిన్‌కు కాదు. అమెరికాలో ఇంటింటా వాడే సింపుల్ గ్రీన్ అనే ద్రవాన్ని తీసుకోండి. దాన్ని తయారుచేసే కంపెనీయే విమానాల కోసం వేరే రకం తయారుచేసి అమ్ముతోంది. ఇంట్లో వాడేదే విమానానికీ సరిపోయేదైతే ఆ రెండో డబ్బా అక్కర్లేదు గదా.

మందు సరైనదే అనుకుందాం. ఒట్టి నీళ్ళే అనుకుందాం. అంతటితో భయం తీరిందా?

విమానం ఒంటిమీద చిన్న చిన్న రంధ్రాలుంటాయి. బయటి గాలి పీడనం ఎంతుందో ఆ రంధ్రాల ద్వారానే తెలుస్తుంది. పీడనాన్నిబట్టే ఎత్తు, వేగం లెక్కగడతారు. కడిగేటప్పుడు వాటిలోకి నీరు పోకుండా మూయాలి, కడిగాక తెరవాలి. 1996 అక్టోబరు 2 రాత్రి పెరూ దేశపు రాజధాని లిమా నుంచి చిలీలోని శాంటియాగోకు ఏరోపెరూ వారి బోయింగ్ 757 బయలుదేరింది. అంతకుముందు దాన్ని కడిగి మెరుగుపెట్టినప్పుడు ఆ రంధ్రాలకు అంటించిన టేపు తీయలేదు. పైలట్లకు ఎత్తు తప్పు, వేగం తప్పు. చీకట్లో, కింద సముద్రం మీద దీపమన్నది లేదు. అరగంట సేపు పెనుగులాడి పసిఫిక్‌లో పడిపోయింది. అందులోని 70 మందీ పోయారు. ఇప్పుడు ఇలాంటి మూతలకు ఎర్రటి పొడుగు గుడ్డపట్టీ వేలాడుతుంది, దూరం నుంచే కనబడాలని.

రెండోది ఇంకా విచిత్రం. 2008 నవంబరులో ఫ్రాన్సులోని పెర్పిన్యాలో ఒక ఎయిర్‌బస్ ఎ320కి కొత్త రంగు వేశారు. వేసే ముందు దుమ్ము పోవడానికి నీళ్ళతో కడిగారు. ముక్కు దగ్గర గాలి వచ్చే కోణాన్ని చూపే చిన్న రెక్కల్లాంటి పరికరాలు మూడుంటాయి. వాటిని పద్ధతి ప్రకారం కప్పకపోవడంతో రెండింటిలోకి నీరు చేరింది. మూడు రోజుల తరువాత, నవంబరు 27న, విమానం పరీక్ష కోసం పైకి లేచింది. పైన చలికి ఆ నీరు గడ్డకట్టి రెండు పరికరాలూ ఒకే కోణం దగ్గర బిగుసుకుపోయాయి. విమానంలోని కంప్యూటరు మన పంచాయతీ పెద్దలాంటిది. ఇద్దరు ఒకే మాట చెబితే, వేరే మాట చెప్పిన మూడోవాణ్ణి అబద్ధాలకోరు అంటుంది. నిజం చెప్పింది ఆ మూడోదే. తక్కువ ఎత్తులో, తక్కువ వేగంతో పరీక్ష చేయబోయిన పైలట్లకు విమానాన్ని నిలదొక్కుకునే వీలు చిక్కలేదు. మధ్యధరా సముద్రంలో కూలి ఏడుగురు మరణించారు. పరీక్షను అంత తక్కువ ఎత్తులో చేయడం కూడా తప్పేనని విచారణలో తేలింది. అయినా దానికి బీజం వేసింది గొట్టంతో కొట్టిన మంచినీళ్ళు. ఇది చదివిన రోజు అన్నయ్యకు ఫోను చేసి, మూతలు ఎవరు లెక్కపెడతారని అడిగాను. "వేసినవాడే లెక్క రాసి సంతకం పెడతాడు, తీశాక ఇంజనీరు చూసి మళ్ళీ పెడతాడు" అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాను.

2020లో కరోనా వచ్చినప్పుడు ఈ చిక్కులన్నీ విమానం లోపలికి కూడా చేరాయి. ప్రతి ట్రిప్పుకూ సీట్లు, బల్లలు, మీటలు తుడవవలసి వచ్చింది. ఆసుపత్రుల్లో వాడే బ్లీచింగు ద్రవం క్రిములను చంపుతుంది, నిజమే. కాని అది క్షారం, పైగా క్లోరిన్ సంబంధం, అల్యూమినియానికి రెండు విధాలా చేటు. పైలటు గదిలోని మీటలకు 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో గుడ్డ తడిపి తుడవమన్నారు. చల్లవద్దన్నారు, ఎందుకంటే అది మండే పదార్థం, విద్యుత్ పరికరాల మధ్య ఆవిరి పేరుకోకూడదు. బ్యాటరీ ద్రవం ఒలికినప్పుడూ ఇదే జాగ్రత్త. సీసపు బ్యాటరీలో ఉన్నది ఆమ్లం గనుక వంటసోడా నీళ్ళతో తటస్థపరుస్తారు. నికెల్-కాడ్మియం బ్యాటరీలో ఉన్నది క్షారం, దానికి బోరిక్ ఆమ్లమో వెనిగరో కావాలి. ముందు ఏ బ్యాటరీయో చూడాలి, ఆ తరువాతే సీసా మూత తీయాలి.

చివరగా మన పొలాల మాట. పొలాల మీద మందు చల్లడానికి బెంగుళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు బసంత్ అనే విమానాన్ని తయారుచేశారు. అది 1972లో తొలిసారి ఎగిరింది. ఇప్పుడు ఆ పనికి మా వైపు డ్రోన్లు వచ్చాయి. డ్రోను కూడా విమానమే, దాని మోటార్ల తొడుగు అల్యూమినియమే. రాగి ఉన్న తెగుళ్ళ మందు కొట్టి కడగకుండా మూలన పెడితే, కొడవలి మొన మీద కనబడే ఆ ఎర్రపూతే మోటారు మీదా పడుతుంది. అది పడ్డచోట బుల్లి బ్యాటరీ మొదలైనట్టే. మా ఊళ్ళో డ్రోను నడిపే అబ్బాయి సాయంత్రం టాంకును మూడుసార్లు మంచినీళ్ళతో తొలిచి, నాజిళ్ళగుండా కూడా నీళ్ళు పోనిచ్చి, చేతులను తడిగుడ్డతో తుడుస్తాడు. గొట్టంతో మోటార్ల మీదికి నీళ్ళు కొట్టడు. ఆ కడిగిన నీళ్ళను కాలవలోకి వదలకుండా, మందు కొట్టిన చేలోనే గట్టు పక్కన పోస్తాడు.